ఖాళీగా కనిపించే నేలకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్త దీవెనలు. అక్టోబరులో స్కాట్లాండ్ హైలాండ్స్‌లో వారం రోజుల రైటింగ్ రిట్రీట్‌కి సీటు దొరికిందన్న నీ మెసేజ్ నిలబడిన చోటే రెండుసార్లు చదువుకున్నాను. "ఏమేం సర్దుకోమంటావత్తా?" అని అడిగావు. సర్దుకోవాల్సినవి చెప్తాను గానీ, చెప్పాల్సిన వాటిలో అది చిన్న ముక్క. పదిహేడేళ్ళలో ఆ కొండల మధ్యకి ఐదుసార్లు వెళ్ళాను. మూడుసార్లు శిబిరాలకి, రెండుసార్లు ఒక్కదాన్నే చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని. మొదటిసారి నాకు చెప్పేవాళ్ళు లేక వారంలో సగం పోగొట్టుకున్నాను. నీకలా కాకూడదని, ఫోన్లో చెప్తే తేలిపోతుందని, ఇదంతా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఏ రాత పట్టుకెళ్తున్నావో తేల్చుకో. కొత్తది అక్కడ మొదలుపెడదామనుకోకు. రెండేళ్ళుగా తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆపేసిన నవల ఉందే, అది పట్టుకెళ్ళు. అదొక్కటే. మధ్యలో ముడిపడి బిగుసుకుపోయిన పనికే అలాంటి వారం అక్కరకొస్తుంది. ఇంట్లో ఉంటే ఆ ముడి దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగుతుంది, ఆఫీసు మెయిలు వస్తుంది, నువ్వూ హమ్మయ్య అనుకుని లేచిపోతావు. అక్కడ లేచిపోవడానికి సాకు దొరకదు. ఎవరికో ఒప్పుకున్న ముందుమాట, పత్రికకి బాకీపడ్డ వ్యాసం లాంటివి లాప్‌టాప్‌లో ఉంటే బయల్దేరే ముందే పూర్తిచేసి పంపించెయ్. కళ్ళెదురుగా ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది.

నా మొదటి ప్రయాణంలో రోజుకి నాలుగు వేల మాటలు, ఐదు రోజులకి ఇరవై వేలు అని లెక్క రాసి గోడకి అంటించుకున్నాను. సోమవారం సాయంత్రం చేరాను. మంగళవారం పొద్దున్న కిటికీ తెరిస్తే లోయంతా పొగమంచు. అంతే, రెండు రోజులు పొగమంచు గురించే రాశాను. పదకొండు పేజీలు. ఇప్పుడు చదివితే అందులో నేను లేను, ఆ లోయా లేదు. కొండ, పొగమంచు, ఏకాంతం అన్న మాటలు తెలిసిన ఎవరైనా, ఆ ఊరు చూడకుండానే, రాయగలిగిన పదకొండు పేజీలవి. అందుకే గట్టిగా చెప్తున్నాను: మొదటి మూడు రోజులు ప్రకృతి గురించి ఒక్క వాక్యం కూడా రాయకు. చూడు, నడువు, పేర్లు అడిగి తెలుసుకో, చలికి వణుకు. కాగితం మీద మాత్రం నీ నవలే ఉండాలి. ఆ కొండలు చాలా అందమైనవి. నీ పని మొత్తాన్ని పక్కకి నెట్టేసేంత అందం వాటిది.

ఇక వెళ్ళే చోటు. మోనియాక్ మోర్ అనే ఆ రచనా కేంద్రం ఇన్వర్నెస్ పట్టణానికి 14 మైళ్ళ దూరంలో ఉంటుంది. 1993లో మొదలైంది. 1968లో ఇంగ్లాండులో పుట్టిన ఆర్వన్ అనే రచనా శిబిరాల సంస్థ పద్ధతిలో, చాలాకాలం ఆర్వన్‌తో కలిసే నడిచి, తర్వాత సొంతంగా నిలబడింది. ఆ పద్ధతి ఏమిటంటే, సోమవారం చేరి శనివారం బయటపడతారు. పది పన్నెండుమంది రాసేవాళ్ళు, వాళ్ళకి ఇద్దరు అనుభవమున్న రచయితలు. పొద్దున అందరూ బల్ల చుట్టూ చేరి వర్క్‌షాప్, మధ్యాహ్నం సొంత రాత, ఒక్కొక్కరికీ విడిగా ట్యూటర్‌తో కాసేపు మాట. వారం మధ్యలో బయటినుంచి ఒక రచయిత వచ్చి చదువుతారు. ఆఖరి రాత్రి అందరూ చదువుతారు. వంటలో వంతులుంటాయి, తప్పించుకోవాలని చూడకు. బల్ల దగ్గర నోరు విప్పని మనిషి కూడా ఉల్లిపాయలు తరుగుతూ తన పుస్తకం ఎక్కడ ఆగిపోయిందో చెప్పేస్తాడు. ఫీజు నీ ఒక్కదాని జీతానికి బరువనిపిస్తే బర్సరీలుంటాయి, అంటే ఫీజుకి ఆర్థిక సాయం, మొహమాటపడకుండా దరఖాస్తు పెట్టు. అవి ఉన్నది అడగడానికే.

ముందు ముందు ఇలాంటి చోటికి ఇంకెక్కడికైనా వెళ్తే, డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకో. ఆ వారం ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు? పగటిపూట గదిలో హీటర్ వేస్తారా? ట్యూటర్‌తో విడిగా ఎన్ని నిమిషాలు? ఎందుకంటే ఒకసారి వేరేచోట "సంపూర్ణ నిశ్శబ్దం" అని ప్రకటన చూసి డబ్బు కట్టాను. తీరా వెళ్తే ఇంట్లో సగాన్ని జింకల వేటకి వచ్చిన బృందానికి అద్దెకిచ్చారు. మూడు రాత్రులు తెల్లవార్లూ తాగుళ్ళు, పాటలు. తర్వాత మూడు మెయిళ్ళు రాసినా జవాబు రాలేదు.

అక్టోబరు దొరకడం నీ అదృష్టం. నన్ను ఏ నెలలో వెళ్ళమంటావని అడిగివుంటే అదే చెప్పేదాన్ని. ఇన్వర్నెస్ 57 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. జూన్‌లో రాత్రి పది దాటాకగానీ పొద్దు కుంకదు, ఆ తర్వాత కూడా చీకటి పూర్తిగా పడదు. నిద్ర పట్టదు, రాత సాగదు. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు వాలిపోతుంది. పైగా వేసవిలో మిడ్జ్‌లుంటాయి. దోమలో పావు వంతు కూడా ఉండని పురుగులవి, గాలి ఆగిన మరుక్షణం మేఘంలా కమ్ముకుంటాయి. గంటకి ఏడు మైళ్ళ పాటి గాలి వీస్తే ఎగరలేవు గనక, వేసవిలో అక్కడివాళ్ళు గాలి కోసం ఎదురుచూస్తారు. అక్టోబరు మధ్యకి వాటి పీడ వదిలిపోతుంది. రాత్రిళ్ళు కొండమీద మగ జింకలు అరుస్తాయి, వాటికి అది జతకట్టే కాలం. మొదటి రాత్రి ఆ అరుపు వింటే ఒళ్ళు జలదరిస్తుంది, భయపడకు. పొద్దున్నే ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ నుంచి దిగిన పింక్-ఫుటెడ్ అడవిబాతులు బారులు తీరి అరుచుకుంటూ పోతాయి. వీటన్నిటికంటే ముఖ్యం ఏటవాలు వెలుతురు. అక్టోబరు మధ్యలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పాతిక డిగ్రీల ఎత్తుకి ఎక్కడు. రోజంతా సాయంత్రం ఎండే. ఆ ఎండతో నీకు పెద్ద పనుంది. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నీ మెసేజ్‌లో "మనిషి ఆనవాలు లేని అడవి నేల" అని రాశావు. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. అది తప్పమ్మా. ఆ నేల ఖాళీగా పుట్టలేదు. ఖాళీ చేశారు.

18వ శతాబ్దం చివర్నుంచి 19వ శతాబ్దం మధ్య దాటేదాకా అక్కడి భూస్వాములు లోయల్లో తరాలుగా ఉంటున్న రైతు కుటుంబాలని వెళ్ళగొట్టి, ఆ నేలని గొర్రెల మందలకి కౌలుకిచ్చారు. దాన్ని హైలాండ్ క్లియరెన్సెస్ అంటారు. ఇన్వర్నెస్‌కి బాగా ఉత్తరాన సదర్లాండ్‌లో స్ట్రాత్‌నేవర్ అని లోయ ఉంది. 1814లో అక్కడ ఊళ్ళు ఖాళీ చేయించి, జనం తిరిగి రాకుండా ఇళ్ళ కప్పులు తగలబెట్టారు. 1819లో మళ్ళీ అదే పని. మొదటిదాన్ని నడిపించిన ప్యాట్రిక్ సెల్లార్ మీద ఇళ్ళు తగలబెట్టి మనుషుల చావుకి కారణమయ్యాడని కేసు పెట్టారు. 1816లో విచారణ జరిగింది ఇన్వర్నెస్‌లోనే, నువ్వు రైలు దిగే ఊళ్ళోనే. నిర్దోషి అని వదిలేశారు. జనంలో కొందరు సముద్రపు ఒడ్డున రాళ్ళ నేల మీద చిన్న చిన్న పొలం ముక్కల్లోకి పోయారు, కొందరు ఓడలెక్కి కెనడా పోయారు. కొండల మీద చెట్లు లేకపోవడం కూడా ఆ నేల స్వభావం కాదు. నరికిన చోట గొర్రెలు, జింకలు మొలకల్ని తలెత్తనివ్వలేదు.

రాసేదానివి గనక ఇది నీకు తెలియాలి. ఆ కొండని చూసి "ఎవరూ లేని ప్రశాంతత" అని రాసేశావనుకో, వెళ్ళగొట్టినవాళ్ళ మాట నువ్వు మళ్ళీ చెప్పినట్టవుతుంది. నా పదకొండు పేజీల్లో ఆ మాట నాలుగుచోట్ల ఉంది.

అందుకని నీకు నేను పెట్టే పని ఒకటుంది. వెళ్ళేముందే ఆ చుట్టుపక్కల ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్ కొను, నారింజ రంగు అట్టతో వచ్చేది, 1:25,000 స్కేలు. పేర్లు అక్కడి పాత భాష గేలిక్‌లో ఉంటాయి. ఆ పేర్లు అర్థం చేసుకోవడానికి పది మాటలు నేర్చుకుంటే చాలు. బెన్ అంటే కొండ, అల్ట్ అంటే వాగు, దూ అంటే నల్లది, మోర్ అంటే పెద్దది, టోబర్ అంటే బావి, బల్ అని మొదలైతే చాలాచోట్ల ఊరు. ఆరీ అంటే వేసవిలో పశువుల్ని పైకి తోలుకెళ్ళినప్పుడు ఆడవాళ్ళు, పిల్లలు ఉండి వెన్న, జున్ను తీసిన గుడిసెల చోటు. ఊరు అని పేరుండి, మ్యాప్ మీద ఒక్క ఇల్లు కూడా లేని చోటు వెతుకు. తర్వాత నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్ళ పాత మ్యాపులు తెరువు. 19వ శతాబ్దంలో మైలుకి ఆరంగుళాల కొలతతో గీసిన మ్యాపులు ఉచితంగానే చూడొచ్చు. ఇప్పుడు ఏమీ లేనిచోట అప్పుడు గీసిన చిన్న చిన్న దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక ఇల్లు.

అలాంటి చోటు ఒకటి, గంట నడకలో చేరగలిగింది, ఎంచుకుని రోజూ అక్కడికే వెళ్ళు. రోజుకో కొత్త కొండ ఎక్కాలని చూడకు. ఐదు రోజులు ఒకే చోటు. నోట్‌బుక్ తీయకు, కూర్చుని రా.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు నాకు దొరికిన చోటు చెప్తాను. మొదటి రోజు వెళ్తే మోకాలెత్తు రాళ్ళగోడ ముక్క ఒకటి, చుట్టూ వాడిపోయిన హెదర్ పొదలు, అంతే. రెండో రోజు, ఆ గోడ చుట్టూ మాత్రమే గడ్డి పచ్చగా ఉందని గమనించాను. మిగతా వాలంతా గోధుమరంగు. మూడో రోజు చెయ్యి తగిలి దద్దుర్లు లేచాయి. నెటిల్ మొక్కలు, గోడ పక్కన గుబురుగా. దారి పొడుగునా ఒక్కటీ కనిపించలేదు, ఇక్కడే ఎందుకున్నాయని సాయంత్రం వంటింట్లో అడిగితే, ఆ జిల్లాలోనే పుట్టి పెరిగిన ఒకావిడ చెప్పింది. మనుషులున్న చోట బూడిద, పేడ, ఇంటి చెత్త నేలలో కలిసి ఫాస్ఫేట్ పేరుకుంటుందట. మనుషులు పోయి వందల ఏళ్ళయినా అది పోదు, నెటిల్‌కి అదే కావాలి. "నెటిల్స్ కనిపిస్తే అక్కడ గుమ్మం ఉండేదనుకో" అంది. గోడకి అవతల ఎర్రటి పళ్ళతో రోవాన్ చెట్టొకటుందని చెప్తే, అది కూడా నాటిందే అంది. చెడు సోకకుండా ఇంటి ముందు రోవాన్ నాటేవాళ్ళు, దాన్ని నరికితే అరిష్టం అనుకునేవాళ్ళు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి మబ్బు విడిపోయి ఎండ అడ్డంగా పడింది. ఎదుటి వాలు మీద, అప్పటిదాకా చదునుగా ఉందనుకున్న చోట, నేల మొత్తం చారలు చారలుగా లేచింది. సమానమైన ఎడంతో, మనిషి చేత్తో చేసిన బోదెలు. బంగాళాదుంపలు, ఓట్స్ ధాన్యం పండించడానికి పారతో తవ్వి మట్టి పైకి పోసి చేసుకున్న మళ్ళవి. వాటిని లేజీ బెడ్స్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎన్నడూ తవ్వలేదని ఆ బోదెలు చూస్తే తెలుస్తుంది. పది నిమిషాలు కనిపించాయి. మళ్ళీ మబ్బు కమ్మగానే వాలు ఎప్పట్లా చదునైపోయింది. మూడు రోజులు నేను దాని ముందే కూర్చున్నాను.

ఇప్పుడు దీన్ని నా రాతతో కలిపిన సంగతి చెప్తాను. ఆ ముందు రోజే ట్యూటర్‌తో నాకు విడిగా అరగంట దొరికింది. నేను రాస్తున్నది ఒక ఉమ్మడి కుటుంబం విడిపోయే కథ. నలభై పేజీలు ఒకే ఇంట్లో నడుస్తాయి. రెండు పేజీలు ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. ఆయన పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీశాడు. "ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వీధిలోకి చూసింది" అన్న వాక్యం. "పొయ్యి ఎక్కడుంది? అక్కడ్నుంచి వీధి ఎలా కనిపిస్తుంది?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. పొయ్యి ఒక పేజీలో పెరటివైపు ఉంది, ఇంకో పేజీలో గుమ్మానికి ఎదురుగా ఉంది. నలభై పేజీలు రాసి, ఆ ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోలేదు.

కోపం వచ్చింది, ఇంత చిన్న విషయం పట్టుకున్నాడేమిటని. మర్నాడు ఆ బోదెలు మాయమయ్యాక లేచి, ఆ గోడ ముక్క వెంబడే నడిచాను. గడ్డిలో కూరుకుపోయిన రాళ్ళని కాలితో తడుముకుంటూ పోతే మిగతా మూడు గోడలూ దొరికాయి. పొడుగ్గా, సన్నగా ఉన్న ఇల్లు. పొడుగు పధ్నాలుగు అడుగులు వేశాను, వెడల్పు ఐదు. గాలి వచ్చే వైపు కాకుండా అటువైపు ఒక ఖాళీ, అదే గుమ్మం. అక్కడి పాత ఇళ్ళలో నిప్పు నేల మధ్యలో ఉండేది, ఒక కొసన అదే కప్పు కింద పశువులుండేవి. పల్లంగా ఉన్న కొస పశువులది, పేడ నీళ్ళు బయటికి పోవడానికి. గుమ్మంలో నిలబడితే ఎడమవైపు పశువులు, కుడివైపు మనుషులు. నిప్పు దగ్గర కూర్చున్న మనిషికి గుమ్మంలోంచి రోవాన్ చెట్టు కనిపిస్తుంది, దాని వెనక ఆ బోదెలు. రెండు వందల ఏళ్ళుగా కప్పు లేని ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో నాకు తెలిసింది. నేను రాసిన ఇంట్లో తెలియలేదు.

ఆ సాయంత్రం శిబిరం వెనక పచ్చికలో, చెప్పులు, కొమ్మలు, రాళ్ళు పెట్టి నా కథలో ఇంటిని నేల మీద కొలతలతో గీశాను. వసారా, గదులు, దూలం, పెరటి తలుపు. గీశాక అందులో నడిచాను. పెద్దకోడలు పొయ్యి దగ్గర్నుంచి వీధి చూడాలంటే మామగారి మంచం దాటి నాలుగడుగులు రావాలి. ఆ నాలుగడుగులే కథలో దొరకని సన్నివేశం. ఆ రాత్రి పదిన్నరకి మొదలుపెట్టి రెండింటి దాకా రాశాను. ఆ వారంలో నాకు మిగిలింది ఆ ఆరు పేజీలు. ఇరవై వేల మాటల లెక్క ఆ తర్వాత ఎప్పుడూ వేసుకోలేదు.

నీ తొమ్మిదో అధ్యాయం మొన్న మళ్ళీ చదివాను. అందులో కూడా మనుషులు గాలిలో మాట్లాడుకుంటున్నారు. ఆ లాడ్జి గదికి కిటికీ ఉందో లేదో నాకు కనిపించలేదు. నేను చెప్పింది చేసి చూడు.

ట్యూటర్‌కి ఇచ్చే పేజీల గురించి ఒక మాట. తెలుగులోనే రాయి, ఆ వారం కోసం ఇంగ్లీషు రచయితవి కాబోకు. రెండు మూడు పేజీలు నీకు నువ్వే మోటుగా, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చు. నున్నగా చెక్కితే వాళ్ళు నీ ఇంగ్లీషు వాక్యాన్ని దిద్దుతారు, మీ ఇద్దరి అరగంటా దానికే పోతుంది. మోటుగా ఉంటే కథ ఎముకలు చూస్తారు. బాగా వచ్చిన పేజీలు ఇవ్వకు, మెచ్చుకోలుతో ముగుస్తుంది. ముడిపడ్డవే ఇవ్వు.

ఆఖరి రాత్రి మూడు నాలుగు నిమిషాలు చదవమంటారు. సగం సమయం తెలుగులో చదువు, తర్వాత అర్థం చెప్పు. "ఎవరికీ అర్థం కాదు కదా" అని వెనక్కి తగ్గకు. వేరే భాష వినిపించడం ఆ నేలకి కొత్తేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవాళ్ళు సుమారు 57 వేలమంది. అంత చిన్న భాషలో, రాసే (Raasay) అనే ద్వీపంలో పుట్టిన సోర్లీ మెక్లీన్ ఇరవయ్యో శతాబ్దపు గొప్ప కవుల్లో ఒకడయ్యాడు. తన ద్వీపంలో ఖాళీ చేయించిన ఊరి మీద గేలిక్‌లో రాసి, ఇంగ్లీషులోకి తనే మార్చుకున్నాడు. భాష తెలియనివాళ్ళు వినడంలో ఇంకో లాభం కూడా ఉంది. నేను చదివిన రాత్రి, ముందు వరసలో కూర్చున్న ఒకాయన తర్వాత వచ్చి "ఆ 'లేదు' అంటే ఏమిటి? నాలుగుసార్లు వచ్చింది, ప్రతిసారీ మీ గొంతు కిందికి దిగింది" అన్నాడు. గదికి వెళ్ళి చూసుకుంటే నిజమే. ఒకే పేరాలో నాలుగు వాక్యాలు లేదుతో ముగిశాయి. తెలుగు తెలిసిన స్నేహితులు ముగ్గురు చదివారు ఆ పేరాని, అర్థం వెంట పోయి చప్పుడు వినలేదు. మూడు లేదులు తీసేశాను.

ఇప్పుడు ప్రయాణం, సామాను, గబగబా చెప్తాను. లండన్ యూస్టన్ నుంచి రాత్రి రైలు, కలిడోనియన్ స్లీపర్, శనివారం తప్ప రోజూ ఉంటుంది. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం పొద్దున ఇన్వర్నెస్‌లో దిగుతావు. ఎక్కేటప్పుడు పెట్టె చూసుకుని ఎక్కు, ఎడిన్‌బరాలో ఆ రైలు మూడు ముక్కలై మూడు ఊళ్ళకి పోతుంది. తెల్లవారాక పడుకోకు. డ్రమోక్టర్ కనుమ దగ్గర రైలు 452 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, దేశం మెయిన్‌లైన్ మొత్తంలో అదే ఎత్తైన చోటు. రెండువైపులా కొండలు మీదికి వచ్చేస్తాయి, పట్టాల పక్కన జింకలు మేస్తుంటాయి.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, బరువెక్కి కాళ్ళని కోస్తాయి. ఉన్ని లోపలి బట్టలు రెండు జతలు, దాని మీద పల్చటి స్వెటర్లు రెండు, పైన నిజంగా నీళ్ళు ఆపే రెయిన్‌కోటు, ప్యాంటుతో సహా. ఉన్ని సాక్సులు రోజుకో జత. తలకి వేసుకునే టార్చ్. నోట్‌బుక్‌తో పాటు పెన్సిళ్ళు పట్టుకెళ్ళు, తడి కాగితం మీద పెన్ను సాగదు.

నడకకి వెళ్ళేటప్పుడు ఎటు వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో కాగితం మీద రాసి వంటింట్లో పెట్టు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం దాదాపు ఏ నేల మీదైనా బాధ్యతగా నడిచే హక్కు నీకుంది, ఎవరి కొండ అని భయపడక్కర్లేదు. కానీ అక్టోబరు జింకల వేట కాలం, ఆ రోజు ఏ వైపు తుపాకులున్నాయో శిబిరంలో అడిగే బయల్దేరు. హెదర్ మోకాళ్ళ దాకా పెరిగి కింద గుంటల్ని దాచేస్తుంది, కర్రతో పొడిచి అడుగు వెయ్యి. నల్లగా మెత్తగా ఉండే పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల మీద పచ్చటి నాచు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళు, అది కాలు లాగేస్తుంది. అలాంటి పీట్ ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకుంటుందట. కోసిన చోట ఎక్కడైనా వేల ఏళ్ళ నాటి పైన్ మొద్దులు బయటపడి ఉంటే ఆగి చూడు, బెరడు కూడా చెడకుండా ఉంటుంది. ఫోన్ సిగ్నల్ కొండల్లో నమ్మకం లేదు. ప్రమాదం జరిగితే 999కి చేసి ముందు పోలీస్ అడుగు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు. అక్కడ పద్ధతి అదే.

రోజూ సాయంత్రం స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, చంకల్లో, చెవుల వెనక చూసుకో. టిక్ అని పశువులకి పట్టే పిడుదు లాంటిదే ఉంటుంది, గసగసాల గింజంత. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్, నూనెలు గీనెలు రాయకు. తర్వాత వారాల్లో ఎప్పుడైనా అక్కడ ఎర్రటి ఉంగరంలా మచ్చ లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి టిక్ కుట్టిందని చెప్పు. లైమ్ జబ్బు మొదట్లో మందులకి లొంగుతుంది. ఇది మర్చిపోకు బంగారూ, నా స్నేహితురాలొకావిడ మర్చిపోయి ఏడాది బాధపడింది.

ఇంకొకటి. బుధవారం నీకు ఏడుపొస్తుంది. సోమవారం హుషారు, మంగళవారం పని, బుధవారం మధ్యాహ్నానికి "నాకిది చేతకాదు, అందరూ నాకంటే బాగా రాస్తున్నారు" అనిపిస్తుంది. నేను వెళ్ళిన మూడు శిబిరాల్లోనూ బుధవారం ఎవరో ఒకరు పెట్టె సర్దుకుని టాక్సీ నంబరు అడిగారు. ఒకసారి అది నేనే. ఆ రోజు పేజీలు తెరవకు, మీ అమ్మకి ఫోన్ చేసి గోడు చెప్పుకోకు, ఆవిడ బెంగపడి వచ్చెయ్యమంటుంది. ఆ గోడ దగ్గరికి వెళ్ళి కూర్చో, వచ్చి ఏదైనా తరిగిపెట్టు, తొమ్మిదింటికి పడుకో. గురువారం పొద్దున్న చూద్దువుగాని.

కొండ బూట్లు మాత్రం కొనకు. నా కాలూ నీ కాలూ ఒకటే కొలత. నావి పాతవైనా అడుగు అరగలేదు, మడమ దగ్గర కుట్టు కూడా వేయించాను. వచ్చే శనివారం వచ్చి తీసుకెళ్ళు, ఇప్పట్నుంచే రోజూ గంటసేపు వేసుకుని నడువు, లేకపోతే పొక్కులొస్తాయి. అక్కడ తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకు, తోలు పగిలిపోతుంది. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, అర్ధరాత్రి లేస్తే ఒకసారి మార్చు. పొద్దుటికి ఆరిపోతాయి.

నీ మేనత్త